రంగు వెలిసిన నీళ్లలో విషం: మలకైట్ గ్రీన్‌ని ఎలా కొలవాలి

ఇంట్లో అక్వేరియం పెట్టుకున్నవాళ్లలో చాలామందికి మలకైట్ గ్రీన్ కొత్త కాదు. చిన్న సీసా, ముదురు ఆకుపచ్చ మందు, ఇన్ని లీటర్ల నీళ్లకి ఇన్ని చుక్కలు అని లేబుల్ మీద లెక్క. చేప ఒంటి మీద ఉప్పు రవ్వలు చల్లినట్టు తెల్లమచ్చలు కనిపిస్తే వేస్తారు. మన రొయ్యల రైతులు వైట్ స్పాట్ అని భయపడేది వేరే జబ్బు, అది వైరస్. ఇక్కడ చెప్తున్నది చేప చర్మం కింద దూరే ఒక పరాన్నజీవి గురించి. మందు పడగానే నీళ్లు నీలం కలిసిన ఆకుపచ్చకి తిరుగుతాయి, తర్వాత మెల్లగా ఆ రంగు వెలిసిపోయి నీళ్లు మళ్లీ తేటగా కనిపిస్తాయి. మందు తన పని చేసి పోయిందని అనుకుంటారు. ఆ "పోయింది" అనే మాట దగ్గరే అసలు సమస్య మొదలవుతుంది.

నిజానికి ఇది మందుగా పుట్టలేదు. 1856లో పద్దెనిమిదేళ్ల విలియం హెన్రీ పెర్కిన్ మలేరియా మందు క్వినైన్ తయారుచేయబోయి అనుకోకుండా ఊదారంగు కనిపెట్టాక, బొగ్గు తారు నుంచి తీసిన పదార్థాలతో రంగులు చేయడం యూరప్‌లో పెద్ద పరిశ్రమ అయింది, ఆ శతాబ్దం ముగిసేలోపు ఆ వరసలో వచ్చిన రంగుల్లో ఇదొకటి. పట్టు, జనపనార, తోలు, కాగితం, వీటికి అద్దేది. మలకైట్ అనే రాయిలా పచ్చగా ఉంటుందని ఆ పేరు పెట్టారు తప్ప ఆ రాయిలో ఉండే రాగి ఇందులో లేదు. చేప గుడ్ల మీద పట్టే బూజుని ఇది చంపుతుందని 1930లలో తేలింది, అప్పటినుంచి ప్రపంచమంతా హేచరీల్లోకి పాకింది. చవక, తేలిగ్గా దొరుకుతుంది, బాగా పనిచేస్తుంది. అంత బాగా పనిచేసే ఇంకో మందు చాలా ఏళ్లు దొరక్కపోవడం వల్లే ఇది అంతలా పాతుకుపోయింది.

పట్టుకి అంటుకునే గుణం, చేపని చంపే గుణం ఒకే చోట నుంచి వస్తాయి. ఈ రంగు నీళ్లలో కరిగితే దాని అణువు మీద ధన విద్యుదావేశం ఉంటుంది. పట్టు దారం మీద ఋణావేశం ఉన్న చోట్లు ఉంటాయి కాబట్టి అక్కడ గట్టిగా పట్టుకుంటుంది. చేప మొప్పల పైపొర మీదా అలాంటి చోట్లే ఉంటాయి. చేప ఊపిరి తీసేదీ, ఒంట్లో ఉప్పు సరిచూసుకునేదీ అక్కడే, పైగా నీటికీ రక్తానికీ మధ్య అడ్డం ఉండే పొర చాలా పల్చన. లోపలికి వెళ్లాక కణాలు శక్తి తయారుచేసుకునే యంత్రాంగాన్ని దెబ్బ తీస్తుంది. బూజు ఎందుకు చస్తుందో చేప కూడా దాదాపు అందుకే చస్తుంది, తేడా డోసులోనే ఉంది, ఆ తేడా కూడా చాలా సన్నం.

అన్ని రంగులూ ఇలా ఉండవు. రంగుల తయారీదార్ల సంస్థ ఎటాడ్ దాదాపు 3000 రంగుల మీద సేకరించిన లెక్కల్లో 98 శాతం రంగులకి చేపల్ని సగం మందిని చంపే మోతాదు లీటరుకి ఒక మిల్లీగ్రాము కంటే ఎక్కువే ఉంది. మిగిలిన ఆ 2 శాతంలో ధనావేశం ఉన్న బేసిక్ రంగులదే పెద్ద వాటా, అందులోనూ మలకైట్ గ్రీన్ కుటుంబానిది. కాబట్టి "కెమికల్ రంగు అంటే విషం" అనడం ఎంత తప్పో, "రంగులన్నీ మామూలువే, ఏం కాదు" అనడం కూడా అంతే తప్పు. ఏ రంగు అన్నది ముందు తెలియాలి.

మరి ఎంత విషం అని ఎలా తేలుస్తారు? అందరూ చెప్పే అంకె ఎల్‌సీ50, అంటే ఒక గడువులో సగం చేపలు చచ్చే మోతాదు. రసాయనాల పరీక్షలకి ప్రామాణిక పద్ధతులు రాసే అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ, అది చేపల మీద చేయమనే 203వ నంబరు పరీక్షలో గడువు 96 గంటలు. కనీసం ఐదు మోతాదులు తీసుకోవాలి, ఒకదానికీ పైదానికీ మధ్య 2.2 రెట్ల కంటే ఎక్కువ తేడా ఉండకూడదు, ఒక్కో మోతాదుకి కనీసం ఏడు చేపలు ఉండాలి. ఏ రంగూ కలపని మామూలు నీళ్ల తొట్టిలో పది శాతం కంటే ఎక్కువ చేపలు చస్తే మొత్తం పరీక్షే చెల్లదు, ఎందుకంటే అప్పుడు చావుకి కారణం రంగో, పరీక్ష చేసినవాళ్ల నిర్లక్ష్యమో చెప్పలేం. చేపలతో పాటు డాఫ్నియా అనే ఆవగింజంత నీటి జీవి మీద 48 గంటలు, నాచు మీద 72 గంటలు చూస్తారు. ఈ మూడింటిలో దేనికి ఎక్కువ దెబ్బ తగిలితే ఆ అంకెని లెక్కలోకి తీసుకుంటారు. లీటరుకి ఒక మిల్లీగ్రాము లోపే చంపితే జలచరాలకి అత్యంత విషపూరితం అనే మొదటి తరగతిలో పడుతుంది. మలకైట్ గ్రీన్ చాలా చేప జాతుల విషయంలో ఆ గీత కింద ఎక్కడో ఉంటుంది, కొన్నిట్లో అందులో పదో వంతు దగ్గర. తెల్లమచ్చలకి నీళ్లలో చాలాసేపు ఉంచే డోసు కూడా లీటరుకి 0.1 మిల్లీగ్రాము చుట్టుపక్కలే. అందుకే పొలుసుల్లేని చేపలు ఉంటే సగం డోసే వేయమని అక్వేరియం మందుల మీద రాస్తారు.

ఇంతవరకు చదివితే అంకె ఒకటి దొరికితే సరిపోతుంది అనిపిస్తుంది. సరిపోదు. రంగుల విషయంలో ఈ పరీక్షలు మిగతా రసాయనాల కంటే ఎక్కువ దారి తప్పుతాయి, ఎలా తప్పుతాయో తెలియకుండా ఎల్‌సీ50 అంకెల పట్టిక చూసి ఇది మంచిది అది చెడ్డది అని తీర్పు చెప్పడం ప్రమాదం.

మొదటిది సీసాలో ఉన్నది ఏమిటి అన్న ప్రశ్న. అంగట్లో అమ్మే రంగు పొడి స్వచ్ఛమైన పదార్థం కాదు, అందులో ఉప్పులు, నింపుడు పదార్థాలు, తయారీలో మిగిలిపోయిన ముడిసరుకు అన్నీ ఉంటాయి. పది మిల్లీగ్రాముల పొడి వేశారంటే పది మిల్లీగ్రాముల రంగు వేసినట్టు కాదు. మలకైట్ గ్రీన్‌లో ఇంకో చిక్కు, ఇది ఆక్సలేట్‌గా దొరుకుతుంది, క్లోరైడ్‌గా దొరుకుతుంది, జింక్ క్లోరైడ్‌తో కలిపిన రూపంలోనూ దొరుకుతుంది. జింక్ తనంతట తనే చేపలకి విషం. బట్టల రంగుగా అమ్మిన జింక్ రకాన్ని చేపల మీద వాడితే చచ్చింది రంగు వల్లా జింక్ వల్లా అన్నది తేలదు, హేచరీల్లో జింక్ లేనిదే వాడాలని పట్టుబట్టింది అందుకే. ఏ రూపం వాడారో, అందులో అసలు రంగు ఎంత శాతమో రాయని పరీక్ష ఫలితాన్ని ఇంకో ఫలితంతో పోల్చడం కుదరదు.

రెండోది, వేసినంత మోతాదు నీళ్లలో ఉండదు. అంటుకోవడమే ఈ రంగు స్వభావం కదా, అది చేపకే అంటుకుంటుందని ఎవరు చెప్పారు? గాజు తొట్టి గోడకి, ప్లాస్టిక్ గొట్టానికి, మిగిలిపోయిన మేతకి, చేప పెంటకి, నాచుకి, అన్నిటికీ అంటుకుంటుంది. లీటరుకి ఒక మిల్లీగ్రాము వేసి, మర్నాటికి అందులో సగమే నీళ్లలో మిగిలితే, చేపలు సగం మోతాదుకే చచ్చాయన్నమాట. కాగితం మీద మాత్రం ఒక మిల్లీగ్రాము అని రాస్తారు, విషం ఉన్నదానికంటే సగం తక్కువగా కనిపిస్తుంది. అందుకే వేసిన మోతాదు కాకుండా కొలిచిన మోతాదు చెప్పాలి, అది 80 శాతం కంటే కిందికి జారిపోతుంటే నీళ్లు మారుస్తూ ఉండాలి. చాలా చిన్న ల్యాబుల్లో ఈ పని జరగదు. ఖర్చు అవుతుంది, టైం పడుతుంది, అది అర్థం చేసుకోవాల్సిందే, కానీ కొలవనప్పుడు కొలవలేదని రాయడానికి ఏ ఖర్చూ లేదు.

మూడోది నీడ. నాచు పెరగాలంటే వెలుతురు కావాలి. ముదురు రంగు నీళ్లలో నాచు సరిగా పెరగలేదంటే అది విషం వల్ల కావచ్చు, లేదా రంగు వెలుతురుని మింగేయడం వల్ల కావచ్చు. పెద్దగా విషం లేని రంగుల్ని లీటరుకి పదుల మిల్లీగ్రాముల్లో, ఒక్కోసారి 100 మిల్లీగ్రాముల దాకా పరీక్షిస్తారు, అప్పుడు ఆ తొట్టి సిరా బుడ్డిలా ఉంటుంది. దీనికి ఒక చక్కటి ఉపాయం ఉంది: నాచు ఉన్న తేట నీళ్ల సీసా ఒకటి పెట్టి, దీపానికీ దానికీ మధ్య రంగు నీళ్లని అడ్డం పెడతారు. నాచుకి రంగు తగలదు, నీడ మాత్రమే తగులుతుంది. అక్కడ పెరుగుదల ఎంత తగ్గిందో, నేరుగా రంగులో పెంచిన నాచు ఎంత తగ్గిందో పక్కపక్కన పెట్టి చూస్తే ఎంత విషం ఎంత నీడ అన్నది చాలావరకు విడివడుతుంది. లెమ్నా అని చెరువుల మీద తేలే చిన్న ఆకుల మొక్క ఉంది చూడండి, దాంతో పరీక్ష చేసినా ఈ గొడవ తగ్గుతుంది, నీళ్ల పైనే ఉంటుంది కాబట్టి వెలుతురు నేరుగా పడుతుంది. మలకైట్ గ్రీన్ చాలా తక్కువ మోతాదులోనే దెబ్బ తీస్తుంది కనుక దానికి నీడ గొడవ తక్కువే. కానీ వేరే రంగుతో పోల్చేటప్పుడు ఆ వేరే రంగు అంకెలో నీడ ఎంత కలిసిందో చూడకపోతే పోలికే తప్పుతుంది.

ఇక నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది, పీహెచ్, అంటే నీళ్లు ఎంత ఆమ్లమో ఎంత క్షారమో చెప్పే అంకె, 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఇక్కడ కాస్త ఓపిగ్గా చూడాలి, ఎందుకంటే మొదట చెప్పిన "పోయింది" అన్న మాట దీని మీదే నిలబడి ఉంది.

మలకైట్ గ్రీన్ నీళ్లలో రెండు రూపాల మధ్య ఊగుతుంది. ఒకటి ధనావేశం ఉన్న రంగు రూపం. రెండోది నీటి నుంచి హైడ్రాక్సైడ్‌ని కలుపుకుని ఆవేశం పోగొట్టుకున్న రూపం, దీన్ని కార్బినాల్ అంటారు, దీనికి రంగు లేదు. పీహెచ్ 6.9 దగ్గర రెండూ సగం సగం. పీహెచ్ 6 అయితే దాదాపు తొంభై శాతం రంగు రూపంలోనే ఉంటుంది. పీహెచ్ 7.4కి వచ్చేసరికి రంగు రూపం పావు వంతుకి పడిపోతుంది. 8.5 దగ్గర లెక్క వేస్తే నిలకడకి వచ్చాక రంగు రూపంలో మిగిలేది రెండు మూడు శాతమే, మిగతాదంతా కార్బినాల్. మారడానికి కొంత టైం పడుతుంది కాబట్టి వేయగానే ఆకుపచ్చగా కనిపించి తర్వాత మెల్లగా వెలుస్తుంది. ఎండ తగిలితే కొంత నిజంగానే విరిగిపోతుంది, కొంత బురదకి అంటుకుంటుంది, అదీ నిజమే. కానీ కంటికి కనపడకుండా పోయినదాంట్లో ఎంత విరిగింది, ఎంత అంటుకుంది, ఎంత కేవలం వేషం మార్చింది అన్నది కంటితో చెప్పలేం.

పైగా ఆవేశం లేని రూపం కొవ్వులో బాగా కరుగుతుంది. కణం చుట్టూ ఉండే పొర కొవ్వు పొరే. కాబట్టి రంగు పోయిన రూపం లోపలికి దూరడానికి రంగు రూపం కంటే తేలిక. భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు చెరువుల్ని గుర్తు తెచ్చుకోండి. పచ్చటి నాచు నీళ్లు, మధ్యాహ్నం ఎండలో నాచు కార్బన్ డయాక్సైడ్ లాగేసుకోవడంతో పీహెచ్ ఎనిమిది దాటుతుంది, తెల్లవారుజాముకి మళ్లీ దిగుతుంది, నీళ్లలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) పడిపోయి చేపలు తలలు పైకి పెట్టేది కూడా ఆ వేళకే. అలాంటి నీళ్లలో ఈ రంగు పడితే ఒకే రోజులో రెండు రూపాల మధ్య తిరుగుతూ ఉంటుంది. మొప్పలు ఇప్పటికే దెబ్బతిన్న చేపకి తెల్లవారుజామున ఆక్సిజన్ కూడా తక్కువైతే, ల్యాబులో ఏరేటర్ పెట్టి, 24 గంటలూ పీహెచ్ నిలకడగా ఉంచి తీసిన ఎల్‌సీ50 అంకె ఆ చేప గురించి చెప్పేది కొంచెమే. నీళ్లు వేడెక్కినా ఈ రంగు విషం పెరుగుతుంది. చలి దేశాల్లో ట్రౌట్ చేప మీద పన్నెండు డిగ్రీల దగ్గర తీసిన అంకెని మే నెల గోదావరి జిల్లా చెరువుకి అతికించడం సరికాదు.

మోతాదు ఎంత చిన్నదో ఒక లెక్కతో చూడొచ్చు. ఎకరం చెరువు, ఒకటిన్నర మీటరు లోతు అనుకుంటే దాదాపు 60 లక్షల లీటర్ల నీళ్లు. అందులో లీటరుకి 0.1 మిల్లీగ్రాము రావాలంటే 600 గ్రాముల స్వచ్ఛమైన రంగు చాలు. తెల్ల బకెట్‌లో తేట నీళ్లకి ఆ మోతాదు కలిపితే లేత రంగు కనిపిస్తుందేమో గానీ, నాచుతో పచ్చగా ఉన్న చెరువులో ఎవరూ గుర్తుపట్టలేరు. ఇక ప్రమాదం లేని మోతాదు లెక్కకట్టే పద్ధతి ఇలా ఉంటుంది: చేప, డాఫ్నియా, నాచు మూడింటికీ స్వల్పకాలిక అంకెలు మాత్రమే ఉంటే అందులో అతి చిన్నదాన్ని వెయ్యితో భాగించాలి. అతి చిన్నది 0.1 మిల్లీగ్రాము అయితే మిగిలేది లీటరుకి 0.1 మైక్రోగ్రాము. వెయ్యి మరీ ఎక్కువ కదా అనిపించొచ్చు. కానీ నాలుగు రోజుల్లో చావని చేప ఆరోగ్యంగా ఉందని కాదు. గుడ్లు పెట్టిందా, పిల్లలు సరిగా వచ్చాయా, రోగాన్ని తట్టుకుందా అన్నవి 96 గంటల్లో తెలియవు. మలకైట్ గ్రీన్ తగిలిన గుడ్ల నుంచి వంకరపోయిన పిల్లలు రావడం ట్రౌట్‌లో చూశారు. డాఫ్నియా మీద 21 రోజులు, చేప గుడ్డు దశ నుంచి చేసే పొడుగు పరీక్షలు ఉంటే వెయ్యి బదులు పదితో భాగిస్తే సరిపోతుంది. అంటే తెలియనితనానికి కట్టే మూల్యమే ఆ వెయ్యి.

చేప బతికి బయటపడితే కథ ముగియదు. చేప ఒంట్లో ఈ రంగు ఇంకోసారి వేషం మారుస్తుంది, ఈసారి ల్యూకో మలకైట్ గ్రీన్ అవుతుంది. దీనికీ రంగు లేదు, ఇదీ కొవ్వులో కరిగేదే, అందుకే కండలో కొవ్వు దగ్గర చేరి వారాలు, నెలలు ఉండిపోతుంది. చేప కోసి చూస్తే ఏ పచ్చదనమూ కనపడదు. అందుకే అవశేషాలు వెతికే ల్యాబులు రంగు రూపాన్నీ ల్యూకో రూపాన్నీ కలిపి లెక్కిస్తాయి, మొదటిదాన్ని మాత్రమే వెతికితే చాలాసార్లు ఏమీ దొరకదు. తినే చేపలకి దీన్ని వాడడానికి యూరప్, అమెరికా ఒప్పుకోవు. యూరప్‌లో చర్య తీసుకునే హద్దు చాలాకాలం కిలోకి 2 మైక్రోగ్రాములు, 2022 నవంబరు నుంచి 0.5కి దించారు. 2007లో అమెరికా చైనా నుంచి వచ్చే కొన్ని పెంపకం చేపలూ రొయ్యల్ని సరిహద్దులోనే ఆపడానికి చెప్పిన కారణాల్లో ఈ రంగు ఒకటి. చేపల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానంలో ఉన్న ఆంధ్రప్రదేశ్‌కి ఇది దూరపు సంగతి కాదు. ఎగుమతి సరుకులో అవశేషం దొరికితే కంటెయినర్ వెనక్కి వస్తుంది, ఇక్కడే అమ్ముడుపోయే శీలావతికీ బొచ్చెకీ అంత గట్టి చూపు లేదన్నది అందరికీ తెలిసిన విషయమే, అది మారాలి. మనం తినేదీ అదే చేప.

మళ్లీ బట్టల రంగు సంగతికి వస్తే, రంగు నీళ్ల శుద్ధి గురించి మన దేశం నుంచి లెక్కలేనన్ని పరిశోధన పత్రాలు వస్తున్నాయి. వేపాకు పొడి, కొబ్బరి పీచు బొగ్గు, ఏదో బ్యాక్టీరియా, ఏదో నానో పదార్థం, దేంతో చేసినా చివర్లో చెప్పేది ఒకటే, మలకైట్ గ్రీన్ బాగా పీల్చుకునే 617 నానోమీటర్ల వెలుతురు దగ్గర చూస్తే రంగు 95 శాతం పోయింది అని. రంగు బొగ్గుకి అంటుకుని పోతే సరే, ఆ బొగ్గుని ఏం చేశారన్నది మిగులుతుంది. రసాయన మార్పుతో పోతే మాత్రం ఆ కొలతకి అర్థం చాలా తక్కువ, ఎందుకంటే కార్బినాల్‌కీ ల్యూకోకీ కూడా 617 దగ్గర ఏమీ కనపడదు. పీహెచ్ 9 దగ్గర చేసిన ప్రయోగంలో శుద్ధి చేసే పదార్థం ఏమీ వేయకపోయినా రంగు తగ్గుతుంది. రెండు నైట్రోజన్ పరమాణువుల బంధం ఉండే ఏజో రంగుల విషయంలో అయితే గాలి లేని చోట బ్యాక్టీరియా ఆ బంధాన్ని తెంపితే రంగు పోయి, అరోమాటిక్ అమీన్లు అనే రంగులేని రసాయనాలు మిగులుతాయి, వాటిలో కొన్ని అసలు రంగు కంటే ప్రమాదకరం.

మన నియమాలు ఈ విషయంలో సగం సరిగ్గా ఉన్నాయి. పర్యావరణ పరిరక్షణ నియమాల్లో వ్యర్థ జలాలకి ఒక బయో పరీక్ష ఉంది: ఏమీ కలపని వ్యర్థ జలంలో 96 గంటల తర్వాత 90 శాతం చేపలు బతికి ఉండాలి. ఇది మంచి నియమం, నీళ్లలో ఏముందో పేరు తెలియకపోయినా మొత్తం కలిసి ఏం చేస్తుందో చెబుతుంది. రంగు గురించి మాత్రం వీలైనంత మేరకు తీసేయాలి అన్న మాటతో సరిపెట్టారు. 2016లో బట్టల పరిశ్రమకి ఇచ్చిన ప్రమాణాల్లో రంగుకి 150 ప్లాటినం కోబాల్ట్ యూనిట్లు అని అంకె పెట్టారు, కానీ ఆ కొలమానం 19వ శతాబ్దంలో ఆకులు కుళ్లి పసుపు గోధుమ రంగుకి తిరిగిన సహజ నీటి కోసం తయారైంది. ఆకుపచ్చ, నీలం నీళ్లని దాంతో కొలవడం అతకదు. రంగు కొలతనీ చేప పరీక్షనీ ఒకే నమూనా మీద, శుద్ధికి ముందూ తర్వాతా చేసి పక్కపక్కన రాయడం మొదలుపెడితే ఏ ప్లాంటు రంగుని తీస్తోందో ఏ ప్లాంటు విషాన్ని తీస్తోందో వెంటనే తెలుస్తుంది. పెద్ద చేపల్ని చంపనక్కర్లేకుండా జీబ్రా చేప గుడ్ల మీద 96 గంటల్లో చేసే పరీక్షకి 2013 నుంచే ఓఈసీడీ పద్ధతి ఉంది. కావలసింది మైక్రోస్కోపు, చిన్న గుంటల ప్లేట్లు, వెచ్చగా ఉంచే పెట్టె, పీహెచ్ సరిగ్గా రాసుకునే మనిషి. ఏ జిల్లా కాలేజీ జువాలజీ విభాగమైనా చేయగలిగే పని.